తేమ ఎంత అన్నది కాదు, ఎలా ఉందన్నది తెలియాలంటే: మైక్రోవేవ్ కొలతల్లో ఏది ఎంచుకోవాలి?

"అన్నా, నాకు రెండు రోజులే స్లాట్ ఇస్తామన్నారు. ఏ మెషీన్ బుక్ చేసుకోమంటావు?" అని ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఒంగోలు పిల్ల, చెన్నైలో పీహెచ్‌డీ చేస్తోంది. పని మేకతోలు మీద. క్రోమ్‌తో పదును చేసిన తోలు, తంగేడు చెక్కా కరక్కాయా వాడి పాతపద్ధతిలో పదును చేసిన తోలు, ఈ రెండూ నీటిని ఒకేలా పట్టుకుంటాయా, వేరువేరుగానా అన్నది ఆమె ప్రశ్న. ఎదురుగా ఉన్నవి మూడు మైక్రోవేవ్ పరికరాలు: వస్తువుకు ఆనించే ప్రోబ్, వస్తువును లోపల పెట్టే లోహపు పెట్టె అయిన క్యావిటీ, తరంగాన్ని నడిపే లోహపు గొట్టం అయిన వేవ్‌గైడ్. ఫోన్‌లో తేలే సంగతి కాదు, సాయంత్రం చెన్నైలోనే ఉన్న తరమణికి రమ్మన్నాను. ఆమెకు చెప్పిందే ఇంకాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. తోలు కాకపోయినా వడ్లు, చెక్క, మట్టి, కాంక్రీటు దేని మీద పనిచేసేవాళ్ళకైనా పనికొస్తుంది.

ముందు ఆమెకు ఒకటి చూపించాను. సన్నని గాజు గొట్టాలు రెండు. ఒకదాంట్లో తడి ఇసుక, ఇంకోదాంట్లో తోలు పొడి. రెండింట్లోనూ నూటికి పద్నాలుగు పాళ్ళు నీరే, బరువు కూడా సమానంగా తూచి పెట్టాను. 10 గిగాహెర్ట్జ్ క్యావిటీలోకి తోలు గొట్టం దించితే తెరమీద కొండలా నిలబడ్డ గీత కొంచెం ఎడమకు జరిగి, కొంచెం లావెక్కింది. ఇసుక గొట్టం దించగానే అదే కొండ చాలావరకు చదునైపోయింది. నీటి బరువు రెండింట్లోనూ ఒకటే, నడత మాత్రం వేరు. తూకానికి అందని ఈ తేడా కోసమే మైక్రోవేవ్ దగ్గరకు వస్తాం.

ఆ తేడా ఎక్కడిది?

నీటి అణువుకు ఒక కొస ప్లస్, ఒక కొస మైనస్. విద్యుత్ క్షేత్రం అటూ ఇటూ ఊగితే అణువు కూడా దాన్ని అనుసరించి తిరగాలని చూస్తుంది. 25 డిగ్రీల దగ్గర మామూలు నీటికి ఆ తిరుగుడు సర్దుకోవడానికి పట్టే సమయం సుమారు 8.3 పికోసెకన్లు. అందుకే దాని లాస్, అంటే అది తరంగం నుంచి మింగేసే శక్తి, 19 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లో గరిష్ఠానికి చేరుతుంది. అదే నీరు మంచుగా గడ్డకడితే అణువులు కదల్లేవు, ఆ గరిష్ఠం కిలోహెర్ట్జ్‌లలోకి పడిపోతుంది. మైక్రోవేవ్ కంటికి మంచు పెర్మిటివిటీ, అంటే క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె, 3.2 లోపే, పక్కనున్న నీటికేమో 60, 70. తోలు పోగులకో, పిండిపదార్థానికో, బంకమన్ను రేకులకో అతుక్కున్న నీరు ఈ రెండింటికీ మధ్యలో, మెగాహెర్ట్జ్‌ల నుంచి కొద్ది గిగాహెర్ట్జ్‌ల వరకు పరుచుకుని ఉంటుంది. ల్యాబుల్లో బౌండ్ వాటర్, ఫ్రీ వాటర్ అంటారు. ఇక్కడ పట్టునీరు, విడినీరు అని రాస్తాను.

ఈ లెక్కకు పునాది వేసింది పీటర్ డిబై. 1936లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అసలు పదార్థాల్లో గీత డిబై చెప్పినంత నాజూగ్గా రాదు, వెడల్పుగా సాగుతుంది. దానికి 1941లో కోల్ సోదరులిద్దరూ ఇచ్చిన సూత్రమే నేటికీ ఎక్కువగా వాడుకలో ఉంది.

రెండు అపోహలు ఇక్కడే తీసేయాలి. వంటింటి ఓవెన్ నీటికి శ్రుతి చేసిన యంత్రం కాదు. 2.45 గిగాహెర్ట్జ్ అన్నది ఆ పనులకు కేటాయించిన బ్యాండు, నీటి గరిష్ఠానికి చాలా కింద ఉంటుంది. రెండోది, "స్ట్రక్చర్డ్ వాటర్" అని ఇళ్ళకు అమ్మే యంత్రాలతో ఈ కొలతలకు ఏ సంబంధమూ లేదు. గ్లాసులో నీటి అణువుల మధ్య పట్లు పికోసెకన్లలోనే మారిపోతుంటాయి, ఏ ఆకారమూ నిలిచి ఉండదు. మనం నిర్మాణం అంటున్నది, నీరు పక్కనున్న పదార్థంతో పెట్టుకున్న పొందిక గురించి. మైక్రోవేవ్ దాన్ని బొమ్మగా చూపదు, అణువు ఎంత తొందరగా తిరగగలుగుతోందో మాత్రం చెబుతుంది. మిగతాది మనం ఊహించి, వేరే పద్ధతితో సరిచూసుకోవాలి.

మీకు కావలసింది 'ఎంత' అయితే

అప్పుడు ఇంత తతంగం అక్కర్లేదు. 105 డిగ్రీల ఓవెన్, మంచి త్రాసు చాలు. కొద్దిపాటి నీటికి నీటిని రసాయన చర్యతో లెక్కించే కార్ల్ ఫిషర్ టైట్రేషన్ ఉంది. వడ్ల కొనుగోలు కేంద్రంలో పదిహేడు శాతం దాటిందా లేదా అని చూసే చేతి మీటరు చాలావరకు కెపాసిటెన్స్‌తో పనిచేసేదే, అక్కడికి అది సరిపోతుంది. మైక్రోవేవ్ గెలిచే చోటు ఒకటుంది: బెల్టు మీద ఆగకుండా కదిలే గింజలు, వదులుగానూ బిగుతుగానూ పడుతూ పోయేవి. అక్కడ పెర్మిటివిటీలోని రెండు భాగాలనూ, అంటే నిల్వచేసే భాగాన్నీ నష్టపోయే భాగాన్నీ, కలిపి నిష్పత్తిగా తీసుకుంటే గింజల సాంద్రత ప్రభావం చాలావరకు తొలగిపోతుంది. అమెరికా వ్యవసాయ శాఖలో స్టువర్ట్ నెల్సన్, సమీర్ ట్రబెల్సీ దీనిమీద ఏళ్ళ తరబడి పనిచేశారు.

'ఎలా' అన్నదే మీ ప్రశ్నయితే కింది మాట గుర్తుంచుకోండి. ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే ఉష్ణోగ్రతలో తీసిన ఒక్క అంకె నీటి పొందిక గురించి ఏమీ చెప్పదు. కొంచెం విడినీరూ, ఎక్కువ పట్టునీరూ ఒకే అంకె ఇవ్వగలవు. ఫ్రీక్వెన్సీనైనా మార్చాలి, ఉష్ణోగ్రతనైనా మార్చాలి. ఏ పరికరం అన్నది ఆ తర్వాతి మాట.

ప్రోబ్: సులువు, అందుకే మోసం

కోయాక్సియల్ కేబుల్ చివర నున్నగా కోసి శాంపిల్‌కు ఆనించినట్టుంటుంది. 200 మెగాహెర్ట్జ్ నుంచి 20 గిగాహెర్ట్జ్ దాకా ఒక్క ఊపులో గీత వచ్చేస్తుంది. గాలి, షార్ట్ (ముక్కుకు ఆనించిన లోహం), డిస్టిల్డ్ వాటర్, ఈ మూడింటితో క్యాలిబ్రేషన్ అయిపోతుంది. పెరుగు, పిండి ముద్ద, మాంసం, పండ్లు, తడి బంకమన్ను లాంటి మెత్తటివాటికి ఇంతకంటే మేలైనది లేదు. శాంపిల్‌ను కోయక్కర్లేదు, చెక్కక్కర్లేదు.

గట్టిదైనా గరుకుదైనా వస్తువు మీద పెట్టినప్పుడే చిక్కు. ప్రోబ్ చూసేది తన ముక్కు ముందున్న కొన్ని మిల్లీమీటర్ల మేర మాత్రమే. అక్కడ వెంట్రుక మందం గాలి దూరినా అంకె తప్పుతుంది. మొదట్లో నేను తోలు మీద ప్రోబ్‌తోనే వారం రోజులు కొలిచాను. గీతలు ఎంతో చక్కగా వచ్చాయి. తేమ పెరిగేకొద్దీ పెర్మిటివిటీ పెరుగుతూ పోయింది, చూడముచ్చటగా. తర్వాత అదే ముక్కను ప్రోబ్ కింద పెట్టి స్టాండు మర ఒక చుట్టు బిగిస్తే అంకె పైకి లేచింది, ఇంకో చుట్టు బిగిస్తే మళ్ళీ లేచింది. నేను కొలిచింది నీటిని కాదు, తోలు తడిసి మెత్తబడి ప్రోబ్‌కు ఎంత బాగా అతుక్కుంటోందో ఆ అతుకుని. ఆ వారం కొలతలన్నీ పక్కన పడేశాను.

అందుకే ప్రోబ్ ఎంచుకునేవాళ్ళు ఈ పరీక్ష తప్పక చేయండి: ఒత్తిడి మార్చి కొలవండి. అంకె మారితే ఆ పదార్థానికి ప్రోబ్ పనికిరాదు. పొడిగా ఉన్న, తక్కువ లాస్ ఉన్నవాటికి కూడా వద్దు, ఆ చిన్న లాస్ దాని పొరపాటు హద్దులోనే మునిగిపోతుంది.

క్యావిటీ: ఒకటే ఫ్రీక్వెన్సీ, అయినా చాలా చెబుతుంది

లోహపు పెట్టెలో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర మైక్రోవేవ్ గట్టిగా మోగుతుంది. గంటలాగే. అందులో చిన్న శాంపిల్ పెడితే ఆ మోత కాస్త కిందికి జరుగుతుంది, కాస్త తొందరగా ఆరిపోతుంది. జరిగిన దూరం నిల్వ భాగాన్ని, శిఖరం లావెక్కిన తీరు లాస్‌నీ చెబుతాయి. మిల్లీగ్రాముల శాంపిల్ చాలు. ఈ మూడింట్లో తక్కువ తేమకు దీనంత సునిశితమైనది ఇంకోటి లేదు.

ఒక్క ఫ్రీక్వెన్సీయే కదా, అది నీటి పొందిక ఎలా చెబుతుంది అని ఆ అమ్మాయి అడిగింది. ఉష్ణోగ్రతతో. 10 గిగాహెర్ట్జ్ దగ్గర విడినీటి లాస్ 25 డిగ్రీల్లో దాదాపు 30. వేడిచేస్తే అణువులు ఇంకా చురుగ్గా తిరుగుతాయి, గరిష్ఠం ఇంకా పైకి జరిగిపోతుంది, మన దగ్గర లాస్ పడిపోతుంది. 40 డిగ్రీలకు 22 దరిదాపుల్లోకి దిగుతుంది. పట్టునీటి గరిష్ఠమేమో మన ఫ్రీక్వెన్సీకి కిందుంటుంది. వేడిచేస్తే అది మన వైపు నడిచి వస్తుంది, లాస్ పెరుగుతుంది. అంటే వేడికి గీత దిగుతోందా ఎక్కుతోందా చూస్తే, శాంపిల్‌లో ఎవరిది పైచేయో తెలిసిపోతుంది. తోలునూ వడ్లనూ ఆరబెట్టిన స్థితి నుంచి మెల్లగా తడుపుతూ పోతే, ఒకచోట ఆ వాలు ఎక్కడం మాని దిగడం మొదలుపెడుతుంది. ఆ మలుపు ఎంత తేమ దగ్గర వచ్చిందన్నది, నా దృష్టిలో, విడి అంకెలన్నిటికంటే విలువైన ఫలితం.

రెండో దారి చలి. శాంపిల్‌ను సున్నాకు బాగా కిందికి తీసుకెళితే విడినీరు మంచై, మైక్రోవేవ్ కంటికి దాదాపు మాయమవుతుంది. గడ్డకట్టని పట్టునీరు ఒక్కటే మిగిలి పలుకుతుంది. రెండు కొలతల తేడాలో విడినీటి వాటా దొరుకుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. తోలుకు ఉప్పు పట్టి ఉంటుంది. ఉప్పునీరు పూర్తిగా గడ్డకట్టేది మైనస్ 21 డిగ్రీల కింద. మైనస్ 10 దగ్గర ఆగిపోయి, మిగిలిందంతా పట్టునీరే అని రాసేస్తే అది తప్పు. మైనస్ 30 దాకా వెళ్ళండి.

చెన్నైలో ఈ పని చేసేవాళ్ళకు ఇంకో మాట. చల్లబరిచిన క్యావిటీ మూత తీయగానే ఇక్కడి గాలి లోపలి గోడల మీద మంచుబిందువులై కూర్చుంటుంది. అప్పుడు కొలిచేది తోలులో నీటిని కాదు, గోడమీది నీటిని. పొడి నైట్రోజన్‌ను సన్నగా వదులుతూ ఉండాలి. వేడితోనూ జాగ్రత్తే. ఇత్తడి సాగుతుంది, 10 గిగాహెర్ట్జ్ క్యావిటీ ఒక్క డిగ్రీ వేడెక్కితే శిఖరం దాదాపు 190 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. కాబట్టి ప్రతి ఉష్ణోగ్రతలోనూ ఖాళీ గొట్టంతో ఒకసారి, శాంపిల్‌తో ఒకసారి కొలవాలి. ఖాళీ కొలత ఎగ్గొట్టినవాళ్ళ గీతల్లో సగం ఇత్తడి కథే ఉంటుంది.

క్యావిటీ వద్దనాల్సింది బాగా తడిసిన వాటికి. శిఖరం చదునైపోయాక లెక్క కట్టడానికి ఏమీ మిగలదు. గొట్టం ఇంకా సన్నం చేయాలి, లేదా 2.45 లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ క్యావిటీకి మారాలి.

వేవ్‌గైడ్, హార్న్, టీడీఆర్

ఎక్స్ బ్యాండు వేవ్‌గైడ్ లోపలి కొలత 22.86 మిల్లీమీటర్లు, 10.16 మిల్లీమీటర్లు. శాంపిల్‌ను అందులో సరిగ్గా పట్టేలా చెక్కి పెట్టి, దూసుకుపోయిన, వెనక్కి తిరిగిన తరంగాలు రెండింటినీ కొలిచి, 1970లో నికల్సన్, రాస్, 1974లో వైర్ ఇచ్చిన పద్ధతిలో లెక్క కడతారు. 8.2 నుంచి 12.4 గిగాహెర్ట్జ్ దాకా నిరంతరంగా వస్తుంది. కాంక్రీటు, ప్లాస్టర్, నొక్కి అచ్చుపోసిన పొడులకు బాగుంటుంది. అయితే చెక్కడంలో నిర్లక్ష్యం కుదరదు. పెర్మిటివిటీ 20 ఉన్న శాంపిల్ పైన పదో వంతు మిల్లీమీటరు ఖాళీ మిగిలితే లెక్కలో అది 17గా కనిపిస్తుంది. ఎండితే కుంచించుకుపోయి తడిస్తే ఉబ్బే తోలు లాంటి వాటికి ఇది పెద్ద తలనొప్పి. మందం విషయమూ చూడాలి. 10 గిగాహెర్ట్జ్ తరంగం శుద్ధమైన నీటిలో ఒకటిన్నర మిల్లీమీటరు కూడా పోకముందే బలం మూడోవంతుకు పడిపోతుంది. తడి శాంపిల్ మందంగా పెడితే అవతలికి ఏమీ చేరదు.

రెండు హార్న్ యాంటెనాల మధ్య పలకను నిలబెట్టే ఫ్రీ స్పేస్ పద్ధతి చెక్కపలకలకు చక్కనిది. ముట్టుకోకుండానే కొలుస్తుంది, పలకను తిప్పి చూడవచ్చు. చెక్కలో క్షేత్రం పోగుల వెంట ఉన్నప్పుడు పెర్మిటివిటీ ఎక్కువ, అడ్డంగా ఉన్నప్పుడు తక్కువ, ఈ తేడా తిప్పగానే తెలుస్తుంది. చెక్కలో సుమారు 28 నుంచి 30 శాతం తేమ వరకు నీరు కణాల గోడల్లోనే ఉంటుంది, ఆపైనే లోపలి బోలులో విడినీరు చేరుతుంది. ఆ గీటు దగ్గర మైక్రోవేవ్ వాలు మారడం చూడాలనుకునేవాళ్ళకు ఇదే దారి. పలక మాత్రం కొన్ని తరంగదైర్ఘ్యాల వెడల్పుండాలి. 10 గిగాహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్లు, అరచేయంత ముక్కతో పని జరగదు.

మట్టి అయితే టీడీఆర్, అంటే లోహపు పుల్లల వెంట పంపిన విద్యుత్ పల్స్ తిరిగొచ్చే సమయాన్ని కొలిచే పద్ధతి. పొలంలో పుల్లలు గుచ్చి కొలవచ్చు. 1980లో టాప్, డేవిస్, అన్నాన్ ఇచ్చిన సమీకరణం అందరూ వాడేదే. ఇసుక నేలలకు బాగా పలుకుతుంది. మన గుంటూరు, ప్రకాశం నల్లరేగడిలో గుడ్డిగా వాడకండి. ఆ బంకమన్ను రేకులు నీటిని గట్టిగా పట్టుకుంటాయి, పట్టునీటి పెర్మిటివిటీ తక్కువ, కాబట్టి ఉన్నదానికంటే తక్కువ తేమ కనిపించే అవకాశం ఉంది. ఆ నేల మట్టినే ఓవెన్‌లో ఆరబెట్టి సొంత క్యాలిబ్రేషన్ గీసుకోవాలి. శ్రీహరికోట నుంచి 2025 జులై 30న వెళ్ళిన నైసార్ ఉపగ్రహంలోని ఎల్, ఎస్ బ్యాండు రాడార్లు చూసే తేమ కూడా చివరికి ఈ మట్టి పెర్మిటివిటీ మీదే ఆధారపడింది.

డబ్బు తక్కువైతే, తరంగాన్ని పంపి తిరిగొచ్చేది కొలిచే చిన్న యంత్రాలు, నానో వీఎన్ఏ రకాలు, కొన్ని వేల రూపాయల్లోనే వస్తున్నాయి, రకాన్ని బట్టి 3, 6 గిగాహెర్ట్జ్‌ల దాకా చూస్తాయి. పెద్ద యంత్రానికి లక్షలు పడతాయి. నేర్చుకోవడానికీ, ఇత్తడి పెట్టెతో సొంతంగా క్యావిటీ కట్టి చూడడానికీ చిన్నదే కొనండి. సంకోచం వద్దు.

ఉప్పు, ఇంకా దొంగ పట్టునీరు

తక్కువ ఫ్రీక్వెన్సీల్లో లాస్ పెరిగితే చాలు, అదిగో పట్టునీరు అంటారు. చాలాసార్లు అది ఉప్పు. ఒక లెక్క చూడండి. మీటరుకు ఒక సీమెన్స్ వాహకత ఉన్న నీటిలో ఉప్పు వల్ల వచ్చే లాస్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర 7 పైచిలుకు, అక్కడ నీటి సొంత లాస్ 9. దాదాపు సరిసమానం. 10 గిగాహెర్ట్జ్‌కు వెళితే ఉప్పు వాటా 2 లోపే, నీటిది 30. అందుకే ఉప్పు అనుమానం ఉన్న శాంపిళ్ళను పై ఫ్రీక్వెన్సీలోనే కొలవమంటాను. పైగా ఉప్పు లాస్ కూడా వేడికి పెరిగేదే, నేను పైన చెప్పిన వాలు పరీక్షను అది పాడుచేస్తుంది.

ఇంకో మాయ మెగాహెర్ట్జ్‌లలో ఉంటుంది. తడి తావులకూ పొడి తావులకూ మధ్య సరిహద్దుల్లో ఛార్జీలు పోగుపడి మాక్స్‌వెల్, వాగ్నర్ ప్రభావం అనే మెట్టు ఇస్తాయి. అచ్చం పట్టునీటిలాగే కనిపిస్తుంది. పట్టుకోవడానికి ఉపాయం ఒకటి: అదే శాంపిల్‌ను కొద్దిగా వేరే ఉప్పుదనం ఉన్న నీటితో తడిపి మళ్ళీ కొలవండి. మెట్టు జరిగితే అది సరిహద్దు ఛార్జీల పని.

ఏ మైక్రోవేవ్ ఫలితానికైనా ఒక రెండో సాక్షి కావాలి. గడ్డకట్టని నీటికి, చల్లబరిచేటప్పుడూ వేడిచేసేటప్పుడూ వేడి రాకపోకలను కొలిచే డీఎస్‌సీ, కదలికకు అయస్కాంత క్షేత్రంలో అణుకేంద్రకాలను పలికించే ఎన్ఎంఆర్, తొలిపొర నీటికి 1938 నాటి బీఈటీ లెక్కతో ఐసోథర్మ్, అంటే గాలి తేమను బట్టి వస్తువు ఎంత నీరు పట్టిందో చూపే గీత. ఐఐటీ మద్రాసులోని సైఫ్ అనే పరికరాల కేంద్రం లాంటి చోట్ల బయటివాళ్ళ శాంపిళ్ళు కూడా ఫీజు తీసుకుని చూస్తారు. మూడూ అక్కర్లేదు, ఒకటి చాలు, అది డీఎస్‌సీ అయితే మైనస్ 30 కొలతతో నేరుగా పోల్చుకోవచ్చు.

ఆమెకు ఏది చెప్పాను

క్యావిటీ. తోలు గరుకు కాబట్టి ప్రోబ్ కాదు, ఉబ్బుతుంది కాబట్టి వేవ్‌గైడ్ కాదు. తోలు పోగుల్లోని ప్రోటీన్ అయిన కొల్లాజెన్‌ది మూడు పేటలు మెలివేసిన తాడు లాంటి నిర్మాణమని 1954లో జి.ఎన్.రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ఇదే ఊళ్ళో, మద్రాసు విశ్వవిద్యాలయంలో ప్రతిపాదించారు. ఆ పేటల చుట్టూ నీరు ఎలా చేరుతుందన్నదే ఈ అమ్మాయి ప్రశ్న కూడా. క్రోమ్ ఒక తీరున, కరక్కాయ టానిన్ ఇంకో తీరున ఆ పేటల మధ్య చేరతాయి, నీటికి మిగిలే చోటు మారుతుంది. ఆ మార్పు మిల్లీగ్రాముల్లో పట్టుబడేది క్యావిటీలోనే.

రెండు రోజుల స్లాట్‌ను యంత్రం ముందు కూర్చుని తడుపుతూ ఆరబెడుతూ వృథా చేసుకోవద్దన్నాను. శాంపిళ్ళను రెండు వారాల ముందే మూత బిగించిన సీసాల్లో సంతృప్త ఉప్పు ద్రావణాల మీద ఉంచమన్నాను: మెగ్నీషియం క్లోరైడ్ 33 శాతం గాలి తేమకు, మామూలు ఉప్పు 75కు, పొటాషియం క్లోరైడ్ 84కు. మొదటి రోజు 10, 25, 40 డిగ్రీలు. రెండో రోజు ఒక్క మైనస్ 30. ప్రతి ముక్కలోంచీ కొంత ముందే బాగా కడిగి ఉప్పు తీసేసి, జంటగా కొలవడం.

వెళ్ళేముందు ఒక ఎండబెట్టిన తోలు ముక్కను త్రాసు మీద పెట్టి, చూస్తూ ఉండమన్నాను. ఏసీ ఆపి ఉంది, కిటికీ తెరిచి ఉంది. చివరి అంకె పెరిగింది, మళ్ళీ పెరిగింది, నిమిషం తిరక్కుండానే దాని పక్క అంకె కూడా మారింది. చెన్నై గాలి ఆ తోలులోకి దిగుతోంది. ఆమె ఫోన్ తీసి సీసా నుంచి గొట్టంలోకి, గొట్టం నుంచి క్యావిటీలోకి శాంపిల్ మార్చడానికి ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. ముప్ఫై లోపు తేవాలన్నాను. గొట్టాలకు మైనం మూతలు ముందే కరిగించి పెట్టుకోమని, కొలిచాక ప్రతి గొట్టాన్నీ మళ్ళీ తూచమని చెప్పాను.